ఇంటికి ఇంటర్నెట్ – మన అవసరమెంత, ఖర్చెంత?

(నేరేడ్‌మెట్‌లో జరిగిన సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడమంటే గంటంపావు మాట్లాడి, అందరి భోజనాలూ చల్లారబెట్టాను. అందుకని ఈసారి కార్యదర్శిగారు ముందే వాచీ చూపించి అరగంట మించకూడదని షరతు పెట్టారు. ప్రయత్నిస్తాను.

నేను ఇంజనీరును కాను. ముప్ఫై నాలుగేళ్ళు అకౌంట్స్ శాఖలో ఫైళ్ళు తిరగేసినవాణ్ణి. కాబట్టి ఇంటర్నెట్ ఎలా పుట్టింది, గాజు తీగలో వెలుతురు ఎలా పరుగెడుతుంది అనే సంగతులు నన్నడగకండి. ఏ ఖర్చు ఎందుకు పెడుతున్నాం, పెట్టినదానికి తగ్గ పని జరుగుతోందా అన్నది చూడటం ఒక్కటే నాకు తెలిసిన విద్య. ఆ విద్యను నెలనెలా మన జేబులోంచి పోయే నెట్ బిల్లు మీద ప్రయోగించి చూశాను. చూసినదేమిటో మనవి చేస్తాను.

మనకు ఇంట్లో నెట్ అక్కర్లేదని అనగలిగే రోజులు పోయాయి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ మొదలైంది. వేలిముద్ర యంత్రం ఉన్న చోటికి వెళ్ళాల్సి వచ్చేది. 2021 నుంచి ఫోన్ కెమెరాకు ముఖం చూపిస్తే చాలు, బతికే ఉన్నామని ధ్రువపత్రం వెళ్ళిపోతోంది. మనలో రక్షణ శాఖ పెన్షనర్లకు స్పర్శ్ వచ్చింది. బ్యాంకు, కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు, డాక్టరు అపాయింట్‌మెంటు అన్నీ అందులోనే. ఆపైన పిల్లలు. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో ఎంతమంది పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, కనీసం బెంగళూరులోనో ఉన్నారో చేతులెత్తమంటే ఎత్తనివాళ్ళను లెక్కపెట్టడం తేలిక.

కాస్త పాత సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పటి గందరగోళం అక్కడే మొదలైంది. టెలిఫోన్‌కు దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన తరం మనది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఈ దేశంలో మామూలు ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో ఫోన్ లైనుకే మోడెం తగిలించేవాళ్ళు. అది కీచుమని అరిచి, గొణిగి, చివరికి కలిసేది. నెట్ వాడుతున్నంతసేపూ ఫోన్ ఎంగేజ్. 2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్ల వేగముంటే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చని చెప్పింది. 2005 జనవరి 14న, సరిగ్గా సంక్రాంతి నాడు, బి.ఎస్.ఎన్.ఎల్. డేటావన్ పేరుతో ఆ వేగాన్ని ఇళ్ళకు ఇచ్చింది. అప్పుడది మనకు పుష్పక విమానం. తర్వాత మన నగరంలోనే బీమ్ అనే కంపెనీ వీధివీధికీ తీగలు లాగింది. అది యాక్ట్ చేతికి వెళ్ళింది. 2017 మార్చిలో యాక్ట్ వారు హైదరాబాద్‌లో సెకనుకు ఒక గిగాబిట్ వేగం ప్రవేశపెట్టారు. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ వచ్చింది. ఎయిర్‌టెల్ సరేసరి. బి.ఎస్.ఎన్.ఎల్. కూడా రాగి తీగ వదిలి ఫైబర్‌కు మారింది.

ఇందులో అకౌంట్స్ వాడికి కనబడే లెక్క ఒకటుంది. 256 కిలోబిట్ల నుంచి ఒక గిగాబిట్‌కు, అంటే పన్నెండేళ్ళలో, వేగం దాదాపు నాలుగువేల రెట్లు పెరిగింది. మన పెన్షన్ అలా పెరగలేదు సరే, మన అవసరమూ అలా పెరగలేదు. ఈనాటికీ ప్రభుత్వ లెక్కలో సెకనుకు 2 మెగాబిట్లు ఉంటే అది బ్రాడ్‌బ్యాండే. 2023 జనవరిలో నిర్వచనాన్ని అక్కడికి పెంచారు. అమ్మేవాడు మాత్రం వందలతో మొదలుపెడతాడు. వందకూ రెండుకూ మధ్య మన అవసరం ఎక్కడుందో చెప్పే బాధ్యత వాడికి లేదు. మనమే చూసుకోవాలి.

పేరు చెప్పను గాని, వినాయక్ నగర్‌లో ఉండే మా సహోద్యోగి ఒకాయన నాలుగేళ్ళ క్రితం పోయారు. ఆయన శ్రీమతి ఒక్కరే ఆ ఇంట్లో ఉంటున్నారు. నాకు చెల్లెలి వరస. కొడుకు డాలస్‌లో ఉద్యోగం. కర్మకాండకు వచ్చిన ఆ పదిహేను రోజుల్లోనే అబ్బాయి అన్నీ ఏర్పాటు చేసి వెళ్ళాడు. గేటు వైపు ఒక కెమెరా, హాల్లో ఒక కెమెరా, గోడకు పెద్ద టీవీ, దానికి తగినట్టు నెట్. తల్లి మీద ప్రేమ, పక్కన లేనన్న బాధ, టైము లేకపోవడం – ఈ మూడూ కలిస్తే మనిషి ఎప్పుడూ పెద్ద ప్లానే తీసుకుంటాడు. నెలకు 999 రూపాయలు, సెకనుకు 150 మెగాబిట్లు, పైన డజనుకు పైగా సినిమా చానళ్ళు. పద్దెనిమిది శాతం జి.ఎస్.టి. కలిపితే బిల్లు 1,178 రూపాయల 82 పైసలు. మొదటి ఆరునెలలూ అబ్బాయే కట్టాడు. ఆ తర్వాత అతని కార్డుతో ఏదో ఇబ్బంది వచ్చి, అమ్మ ఫోన్‌కు మెసేజీలు రావడం మొదలైంది. ఆవిడ కట్టేస్తున్నారు, ఫ్యామిలీ పెన్షన్‌లోంచి. కొడుకుతో ఆ మాట అనలేదు.

ఒకరోజు లైఫ్ సర్టిఫికెట్ పని మీద వెళితే మాటల్లో ఈ బిల్లు బయటపడింది. "ఇందులో మీరు చూసేదేమిటమ్మా?" అన్నాను. "ఉదయం సుప్రభాతం, మధ్యాహ్నం ప్రవచనం అన్నయ్యగారూ. సాయంత్రం సీరియళ్ళు కేబుల్లోనే చూస్తాను" అన్నారు. డజను సినిమా చానళ్ళలో ఒక్కదాని పేరు తెలుసు, అది కూడా మనవరాలు చెప్పగా. సరే, కంపెనీ యాప్ తెరిచి చూశాం. ఎంత వాడుకున్నామో ప్రతి కంపెనీ తన యాప్‌లో చూపిస్తుంది. ఇది మనలో నూటికి తొంభైమంది తెరిచి చూడని పేజీ. ఆ నెల మొత్తం 268 జీబీలు. అందులోనూ అధిక భాగం కెమెరాలదే.

"అయితే చిన్న ప్లానుకు మారదామమ్మా" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. మొదట "బాబు బాధపడతాడేమో" అన్నారు. కాసేపాగి అసలు సంగతి చెప్పారు. ఒకసారి రెండు రోజులు లైను తెగింది. కెమెరా కనబడకపోయేసరికి అబ్బాయి పక్కింటివాళ్ళకు ఆరుసార్లు ఫోన్ చేశాడట. అప్పటి నుంచి ఆవిడ రోజూ రాత్రి ఎనిమిదింటికి, మోకాళ్ళ నొప్పి ఉన్నా సరే, హాల్లో కెమెరాకు ఎదురుగా ఉన్న కుర్చీలో వచ్చి కూర్చుంటున్నారు. అప్పటికి అక్కడ ఉదయం; అబ్బాయి ఆఫీసుకు వెళుతూ ఒకసారి చూసుకుంటాడు. ప్లాను తగ్గిస్తే కెమెరా ఆగిపోతుందేమోనని ఆవిడ భయం. ఆ భయానికి నెలనెలా కప్పం కడుతున్నారు.

ఇక్కడే మనం కాస్త లెక్క నేర్చుకోవాలి. ఎక్కువేం కాదు, రెండే రెండు మాటలు. వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, వాడకాన్ని జీబీల్లో, అంటే గిగాబైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లు ఒక బైట్. కుళాయి ధార ఎంత లావు అన్నది మెగాబిట్. నెలకు ఎన్ని బిందెలు పట్టాం అన్నది జీబీ. మంజీరా నీళ్ళొచ్చే వీధిలో ఉన్నవాళ్ళకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంటి కెమెరా ఒకటి సెకనుకు సుమారు ఒక మెగాబిట్ బయటికి పంపుతుందనుకోండి. రోజంతా ఆగకుండా పంపినా 10.8 జీబీలు, నెలకు 324 జీబీలు. రెండు కెమెరాలకు 648. కదలిక ఉన్నప్పుడే పంపేవైతే అందులో సగం కూడా ఉండదు. ధార లావు చూస్తే రెండు కెమెరాలకూ కలిపి రెండు మెగాబిట్లు. వీడియో కాల్‌కు ఒకటిన్నర, మహా అయితే రెండు. టీవీలో స్పష్టమైన బొమ్మతో సినిమా చూడటానికి అయిదు మెగాబిట్లు చాలు. ఆ నాలుగు రెట్ల స్పష్టత ఉండే ఫోర్‌కే బొమ్మకు పదిహేను. ఇంట్లో ఇద్దరే ఉంటే, ఒకరు టీవీ, ఒకరు వీడియో కాల్, గోడల మీద రెండు కెమెరాలు అన్నీ ఒక్కసారి నడిచినా పదిహేను మెగాబిట్లు దాటడం కష్టం. 30, 40 మెగాబిట్ల ప్లాను మనకు సరిపోయి మిగులుతుంది. ఒకే ఒక జాగ్రత్త: కెమెరాలున్నవాళ్ళు లోపలికొచ్చే వేగంతో పాటు బయటికి పోయే వేగం, అంటే అప్‌లోడ్, ఎంత ఇస్తారో అడగాలి. కొన్ని ప్లాన్లలో రెండూ సమానంగా ఉండవు.

ఇక "అపరిమితం" అని రాసే ప్లాన్ల సంగతి. చాలా ఫైబర్ ప్లాన్లలో అడుగున చిన్న అక్షరాల్లో నెలకు 3,300 జీబీల హద్దు ఉంటుంది. దాటితే వేగం తగ్గిస్తారు. చూడగానే కంగారు పడనక్కర్లేదు. అయిదు మెగాబిట్ల లెక్కన ఒక గంట సినిమాకు రెండుంపావు జీబీ. ఇంట్లో రెండు టీవీలు నెలంతా రాత్రింబవళ్ళు ఆపకుండా నడిపితే 3,240 జీబీలు. అప్పటికీ ఇంకా అరవై మిగులుతుంది. ఆ హద్దు మన జోలికి రాదు. తక్కువ హద్దున్న ప్లాన్లు తీసుకున్నవాళ్ళు మాత్రం గమనించుకోవాలి. హద్దులో సగం, తొంభై శాతం, మొత్తం అయిపోయినప్పుడు వినియోగదారుకు తెలియజేయాలని, హద్దు దాటాక కూడా 512 కిలోబిట్లకు తగ్గకూడదని టెలికాం నియంత్రణ సంస్థ 2016లో ఆదేశించింది.

చెల్లెమ్మకు ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించాను. చివరికి 399 రూపాయల ప్లానుకు మార్చాం. పన్నుతో 470 రూపాయల 82 పైసలు. నెలకు సరిగ్గా 708 రూపాయలు, ఏడాదికి 8,496 రూపాయలు మిగులు. ఈ రేట్లు మారుతుంటాయి; ఇదే అంకె పట్టుకుని రేపు నా ఇంటి మీదికి రాకండి, మీరు చేరే రోజు రేటే రేటు. మారాక మూడు నెలలు అబ్బాయికి చెప్పలేదు. కెమెరాలు యథాప్రకారం పనిచేశాయి. దసరాకు ఫోన్‌లో చెబితే, "నేనసలు గమనించనే లేదమ్మా" అన్నాడట. నెలనెలా నువ్వు కడుతున్నావని నాకెందుకు చెప్పలేదని మాత్రం చాలాసేపు కోప్పడ్డాడట. ఇప్పుడు ఆవిడ ఆ డబ్బుతో వారానికొకసారి ఫిజియోథెరపీ అమ్మాయిని ఇంటికి పిలిపించుకుంటున్నారు.

ఇతరుల సంగతి చెప్పి నా తప్పులు దాచుకోవడం న్యాయం కాదు. మా ఇంట్లో వెనక గదిలో నెట్ సరిగా వచ్చేది కాదు. వేగం తక్కువైందని నేనే నిర్ణయించుకుని, ఎవరినీ అడక్కుండా, ప్లాను రెట్టింపు చేశాను. అయినా రాలేదు. కంపెనీని తిట్టాను. మూడు నెలలయ్యాక లైను చూడటానికి వచ్చిన కుర్రాడు డబ్బా ఎక్కడుందని అడిగి, చూసి, నవ్వాపుకున్నాడు. మా ఆవిడ అందంగా లేదని దాన్ని స్టీలు బీరువా వెనక పెట్టించింది. బీరువా ఇనుము, మధ్యలో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు రెండు. డబ్బాను హాలు మధ్య గోడకు ఎత్తుగా బిగించాడు. అంతే. ఆ కుర్రాడే ఇంకో సంగతి చెప్పాడు. వైఫై రెండు పేర్లతో కనబడుతుంది: 2.4 గిగాహెర్ట్జ్‌ది వేగం తక్కువైనా గోడలు దాటి దూరం పోతుంది, 5 గిగాహెర్ట్జ్‌ది వేగంగా ఉంటుంది గాని దూరం పోలేదు. వెనక గదిలోని ఫోన్‌ను మొదటిదానికి కలపాలి. మూడు నెలల రెట్టింపు బిల్లు నా అజ్ఞానానికి ట్యూషన్ ఫీజు. పెద్ద ప్లానుకు మారే ముందు ఒక్కసారి ఫోన్ పట్టుకెళ్ళి డబ్బా పక్కనే నిలబడి చూడండి. అక్కడ బాగా వస్తోందంటే తప్పు కంపెనీది కాదు, బీరువాది.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. ఆరు నెలలు ముందుగా కడితే ఒక నెల ఉచితమని ఒక చిన్న ఆపరేటరు మనిషి ఇంటికొచ్చి చెప్పాడు. కుర్రాడు మర్యాదస్తుడు, బాబాయ్ అని పిలిచాడు. కట్టాను. రసీదు అడిగితే వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు. పంపింది డబ్బు ముట్టిందన్న ఒక్క వాక్యం. రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెలలో లైను తెగింది. ఫోన్ ఎత్తరు, ఎత్తినా "రేపు" అంటారు. ఆ రేపు ఎప్పుడూ రాలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వోచరు లేని బిల్లు మీద సంతకం పెట్టని వాణ్ణి, నా సొంత డబ్బు దగ్గర ఒక వాట్సాప్ వాక్యం నమ్మాను. మా అబ్బాయి ఇప్పటికీ ఈ విషయం ఎత్తి నవ్వుతాడు.

కాబట్టి ఖర్చు చూసేటప్పుడు నెల రేటు ఒక్కటే చూడకండి. ఏడాదికి మొత్తం ఎంత పడుతుందో వేయండి. పద్దెనిమిది శాతం పన్ను, తీగ లాగినందుకు ఛార్జీ, డిపాజిట్, డబ్బా మనదా వాళ్ళదా, మానేస్తే డిపాజిట్ తిరిగి ఎలా ఇస్తారు, మొదటి మూడు నెలల తగ్గింపు అయిపోయాక అసలు రేటెంత – ఇవన్నీ కాగితం మీద గాని, కంపెనీ సొంత మెసేజీలో గాని ఉండాలి. మన ప్రాంతంలో కొత్త ఆపరేటరైతే మొదట నెల నెలకే కట్టండి. ఒక వానాకాలం చూశాక ఆరు నెలలది ఆలోచించవచ్చు. విశ్రాంత ఉద్యోగులకు రాయితీ ఏదైనా ఉందా అని అడగడం మరచిపోకండి, ముఖ్యంగా బి.ఎస్.ఎన్.ఎల్. కార్యాలయంలో. అలాంటి రాయితీలు వస్తుంటాయి, పోతుంటాయి. అడగనివారికి మాత్రం ఎప్పుడూ రావు.

లైను తెగి బాగుచేయకపోతే ఏం చేయాలి? ముందు కంపెనీ నంబరుకు ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు రాసుకోవాలి. ఆ నంబరు లేకపోతే మన ఫిర్యాదు పుట్టనట్టే. పరిష్కారం కాకపోతే ప్రతి కంపెనీలోనూ అప్పీలు వినే అధికారి ఉండాలన్నది నియంత్రణ సంస్థ 2012 నిబంధన. అక్కడికి రాయడానికి ఫీజు లేదు. అదీ కాకపోతే వినియోగదారుల కమిషన్. టెలికాం ఫిర్యాదులు అక్కడ చెల్లవని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చి, వినియోగదారుడు నేరుగా వెళ్ళవచ్చని తేల్చింది. నా ఆరు నెలల డబ్బుకు నేను అక్కడిదాకా వెళ్ళలేదు. వెళ్ళడానికి చేతిలో కాగితమే లేదు కదా.

ఇప్పుడు ఖర్చుకంటే ముఖ్యమైన సంగతికి వస్తాను. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. పత్రికల్లో అందరూ చదివారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థవారు స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్ళను నగరమంతటా కత్తిరించుకుంటూ పోయారు. వేలాది ఇళ్ళల్లో నెట్ ఆగిపోయింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. ప్రాణాలు పోయాక తీగలు తీయడం తప్పని ఎవరూ అనలేరు. మన వీధుల్లో కూడా స్తంభానికి ఎన్ని తీగలు చుట్టుకుని ఉన్నాయో తలెత్తి చూడండి. వాటిలో సగం ఎవరివో ఎవరికీ తెలియదు. ఆ వారంలో నాకు అర్థమైనదేమిటంటే, 150 మెగాబిట్లు కొన్నవాడిదీ 30 కొన్నవాడిదీ తీగ ఒకే స్తంభం మీద వేలాడుతోంది, తెగితే ఇద్దరికీ సున్నాయే.

అందుకని కంపెనీని ఎంచుకునే ముందు ప్రకటన చూడకండి, వీధిని చూడండి. మీ వీధిలోకి ఎవరెవరి లైను వచ్చింది, అది భూమిలోంచి వచ్చిందా, స్తంభం మీదుగా వచ్చిందా, చెట్టు కొమ్మల మధ్య నుంచి లాగారా. అటు ఇటు నాలుగు ఇళ్ళవాళ్ళను అడగండి: పోయిన వానాకాలంలో ఎన్నిసార్లు పోయింది, ఎన్నాళ్ళకు బాగుచేశారు, మనిషి వచ్చాడా మెసేజ్ వచ్చిందా. ఒకే కంపెనీ ఆర్.కె. పురంలో బంగారంలా ఉండి సఫిల్‌గూడ చెరువు వైపు ఏడిపించవచ్చు. ఎందుకంటే లైను చూసే మనిషి వేరు. సైనిక్‌పురిలో ఉండే మన సభ్యులొకరు కంపెనీ పేరు చూసి కాదు, ఆ ప్రాంతం లైన్‌మన్ ఫోన్ ఎత్తుతాడా లేదా చూసి మారారు. మూడేళ్ళుగా సుఖంగా ఉన్నారు. నన్నడిగితే రెండు ప్లాన్ల మధ్య వంద రూపాయల తేడా ఉన్నప్పుడు, ఫోన్ ఎత్తే లైన్‌మన్ ఉన్నవాడికే ఆ వంద ఎక్కువిస్తాను.

కరెంటు సంగతి ఒకటి. పాత నల్ల ఫోన్ గుర్తుందా? ఇంట్లో కరెంటు పోయినా అది మోగేది. దానికి కావలసిన 48 వోల్టులు ఎక్స్‌ఛేంజీ నుంచే రాగి తీగలో వచ్చేవి. గాజు తీగలో కరెంటు రాదు. ఫైబర్ డబ్బా మన ఇంటి ప్లగ్గు మీద బతుకుతుంది. కరెంటు పోతే నెట్ పోతుంది, ఆ డబ్బాకు కలిపిన ల్యాండ్‌లైనూ పోతుంది. ఒంటరిగా ఉండేవాళ్ళు, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇన్వర్టర్ ఉంటే డబ్బాను దాని మీద పెట్టించండి. లేకపోతే రూటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్‌లున్నాయి. కొనేటప్పుడు డబ్బా అడాప్టరు మీద రాసిన వోల్టులు చూపించి కొనండి.

స్తంభాల గొడవే వద్దనుకునేవాళ్ళకు గాలిలో వచ్చేది ఒకటుంది, ఎయిర్‌ఫైబర్. ఇంటి పైన చిన్న యాంటెనా పెట్టి 5జీ సిగ్నల్ పట్టుకుంటారు. జియోవారు 2023 సెప్టెంబరులో వినాయక చవితికి మొదలుపెట్టిన నగరాల్లో హైదరాబాద్ ఒకటి. అందులో నెలకు వెయ్యి జీబీల హద్దు పెట్టారు. రెండు కెమెరాలు ఆగకుండా నడిచే ఇల్లయితే 648 అక్కడే పోతాయి, జాగ్రత్త. మీ మేడ మీద సిగ్నల్ ఎలా ఉందో చూడకుండా డబ్బు కట్టొద్దు.

చివరగా, చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉన్నా చెబుతున్నాను. మనలో కొందరికి బ్రాడ్‌బ్యాండే అక్కర్లేదు. దంపతులిద్దరే ఉండి, కెమెరాలు లేక, టీవీ కేబుల్లో చూసుకుంటూ, రోజుకు అరగంట వాట్సాప్ కాల్ మాట్లాడుకునేవాళ్ళకు ఫోన్‌లో రోజూ వచ్చే ఒకటిన్నర, రెండు జీబీలే ఖర్చు కావు. 2024 జులైలో ఫోన్ రేట్లు పెరిగాయి నిజమే. ఆ రీఛార్జి ఎలాగూ చేయించుకుంటున్నారు కదా. దాని పైన ఇంకో ఆరువందలు ఎందుకు? ఈ మాట అన్నందుకు కిందటి వారం ఒక మిత్రుడు, పక్కింట్లో అందరికీ ఉంటే మాకు లేకపోతే ఎలాగండీ అన్నారు. దానికి నా దగ్గర లెక్క లేదు.

కార్యదర్శిగారు వాచీ చూస్తున్నారు. ఒక పని చేద్దాం. వచ్చే నెల రెండో ఆదివారం సమావేశానికి మీ మూడు నెలల నెట్ బిల్లులు తీసుకురండి. ఫోన్‌లో ఉంటే మనవడి చేత ప్రింటు తీయించండి. యాప్‌లో ఎన్ని జీబీలు వాడారో చూసి బిల్లు వెనక రాసుకురండి. మీ వీధిలో ఎవరి లైను పోయిన వానాకాలంలో ఎన్ని రోజులు పోయిందో కూడా రాయండి. నేను, ఇంకో ఇద్దరు అకౌంట్స్ మిత్రులు కలిసి వీధులవారీగా ఒక పట్టిక తయారుచేస్తాం. ఇప్పటికి డిఫెన్స్ కాలనీ నుంచి ఇద్దరు, వినాయక్ నగర్ నుంచి ఒకరు పేర్లిచ్చారు. ఆ ఒక్కరు ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. రాత్రి ఎనిమిదిలోపు ఇంటికి చేరేట్టయితేనే వస్తానని ఆవిడ కూడా షరతు పెట్టారు.